మైనరు పేరిట అప్పు

మన కరిసల్ పల్లెల్లో ముసలమ్మలు ఒక మాట అంటారు: ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ నిలవదు అని. ఈ మాట ఆంధ్రదేశంలోనూ ఉంది. మన పెద్దలు వలస వచ్చినప్పుడు మూటలో కట్టుకొచ్చారో, ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నారో చెప్పలేను గాని, గ్రీకుల హిపోక్రటీసు పేరిట నిలిచిన వైద్య గ్రంథాల్లో సైతం ఎనిమిదో నెల బిడ్డ బతకదనే వాదం ఉంది. కాబట్టి ఇది ఒక్క మన సొత్తు కాదు. వైద్యులు దీన్ని ఒప్పుకోరు. కడుపులో ఒక్క వారం ఎక్కువ ఉన్నా బిడ్డకు అంత మేలే అంటారు.

ఎందుకు మేలో లెక్క రూపంలో చెప్పించుకుంటే గాని నా బుర్రకు ఎక్కలేదు. కోవిల్‌పట్టిలో బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో పద్దులు చూస్తున్నవాణ్ణి. వైద్యం నా శాఖ కాదు. కాని నా ముందుకు వచ్చిన ప్రశ్న వైద్యుడికి ఎంతో మనకూ అంతే. అందుకని సాహసించి రాస్తున్నాను.

లెక్క ఇది. నెలలు నిండి పుట్టిన బిడ్డ ఒంట్లో సుమారు 30 గ్రాముల కాల్షియం ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ఎముకకు పట్టే సున్నం. అందులో 80 శాతం దాకా చివరి మూడు నెలల్లోనే తల్లి నుంచి బిడ్డకు చేరుతుంది. మావి ఆ సున్నాన్ని తల్లి రక్తంలోంచి తోడి బిడ్డకు పోస్తుంది. తల్లికి తక్కువైనా సరే, బిడ్డకు పోయటం మానదు. ఆ రోజుల్లో బిడ్డ బరువులో కిలోకు రోజుకు 100 నుంచి 130 మిల్లీగ్రాముల చొప్పున జమ అవుతుంది. 28 వారాలకే బిడ్డ బయటపడిందనుకోండి, ఆ జమ ఒక్కసారిగా ఆగిపోతుంది. ఇక మిగిలింది తల్లిపాలు. పాలలో 100 మిల్లీలీటర్లకు 25 నుంచి 30 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంత చిన్న బిడ్డ కిలోకు రోజుకు 150 మిల్లీలీటర్లు తాగగలిగినా చేతికి వచ్చేది 40 చిల్లర. అందులో ఒంటికి పట్టేది సగానికి కాస్త ఎక్కువ. నూరు రావలసిన చోట పాతిక వస్తోందన్నమాట. తల్లిపాలలో లోపం ఏమీ లేదు. ఆ పాలు నెలలు నిండిన బిడ్డకోసం తయారైనవి. ఈ బిడ్డ ఇంకా కడుపులో ఉండవలసింది.

ఈ లోటు కొన్ని వారాలు సాగితే ఎముక మెత్తబడుతుంది. బిడ్డను పక్కకు తిప్పితే పక్కటెముక విరుగుతుంది. అది విరిగినట్టు కూడా ఎవరికీ తెలియదు, ఊపిరితిత్తుల కోసం ఎక్సురే తీస్తే అందులో కనబడుతుంది. కాబట్టి డాక్టర్లు పాలలో పొడి కలుపుతారు, కాల్షియం చుక్కలు వేస్తారు, భాస్వరం ఇస్తారు, విటమిను డి ఇస్తారు. పాలు పట్టని రోజుల్లో నరంలోంచి ఎక్కిస్తారు. ఇక్కడొక విచిత్రం. ఎముకకు కాల్షియం, భాస్వరం రెండూ కావాలి, అదీ తూకంలో రెండు పాళ్ళకు ఒక పాలు చొప్పున. కాని ఒకే సీసాలో రెంటినీ మోతాదు మించి కలిపితే సుద్ద అయి అడుగున పేరుకుంటుంది. అమెరికాలో అలా పేరుకున్న ద్రావణం నరాల్లోకి వెళ్ళి ఇద్దరు చనిపోతే 1994లో అక్కడి మందుల అధికార సంస్థ దేశమంతటికీ హెచ్చరిక పంపింది. జాగ్రత్త పడి తక్కువ కలిపితే ఎముక చాలదు, ధైర్యం చేసి ఎక్కువ కలిపితే సుద్ద.

ఒంటి లోపల కూడా ఇదే కథ. భాస్వరం చాలకపోతే కాల్షియం ఎముకలో నిలవదు, రక్తంలో తిరిగి తిరిగి మూత్రంలోకి దిగుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని ఫ్యూరోసెమైడు అనే మందు ఇస్తారు. పెద్దవాళ్ళకు గుండెజబ్బులో ఇచ్చే లాసిక్స్ ఇదే. అది నీటితో పాటు కాల్షియాన్నీ మూత్రంలోకి తోస్తుంది. ఎక్కువ రోజులు ఆ మందు వాడిన నెల తక్కువ బిడ్డల కిడ్నీల్లో సున్నపు మచ్చలు కట్టటం 1982లో మొదటిసారి వైద్య పత్రికకు ఎక్కింది. ఆ తరువాత చాలా దేశాల్లో చూశారు. కొన్ని ఆసుపత్రుల్లో పదిమందిలో ఒకరికి కూడా లేదు, కొన్నిచోట్ల సగంమందికి పైగా ఉంది. ఎవరిని వెదికారు, ఏ యంత్రంతో వెదికారు అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది.

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, మా అన్న కూతురికి 2022లో 28వ వారంలో కాన్పయింది. ఆడపిల్ల. బరువు 1,020 గ్రాములు. విళాత్తికుళం నుంచి పెద్ద ఊరి ఆసుపత్రికి తీసుకుపోయారు, పేరు అనవసరం. 71 రోజులు పెట్టెలో పెట్టి బతికించారు. ఆ 71 రోజులూ మా వదిన ఆ ఆసుపత్రి వరండాలోనే ఉంది. ఒక్కొక్క గ్రాము పెరిగినప్పుడల్లా ఊరికి ఫోను వచ్చేది. నాలుగో నెలలో స్కాను తీస్తే రెండు కిడ్నీల్లోనూ తెల్లటి చుక్కలు కనబడ్డాయి. రాయి కాదు, రాయి కావటానికి ముందరి సున్నపు పొడి, కిడ్నీ కండలోనే పట్టింది అని డాక్టరమ్మ చెప్పింది. చాలామంది పిల్లల్లో ఏడాది రెండేళ్ళలో కరిగిపోతుంది, కొందరిలో ఉండిపోతుంది, చూస్తూ ఉండాలి అంది. లాసిక్స్ ఆపింది, భాస్వరం సరిచేసింది, మూత్రం పరీక్షకు రమ్మంది. మా వదిన అరటి దూట రసం పోస్తానంటే మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టి వద్దంది. మన కరిసల్ ఊళ్ళలో కిడ్నీ రాయికి ఉప్పునీళ్ళ బావి కారణం, అరటి దూట మందు అని ప్రతివాడికీ తెలుసు గదా. మూడున్నర కిలోలు కూడా లేని బిడ్డకు అది మందు కాదని చెప్పటానికి ఆమెకు పావుగంట పట్టింది.

ఆ సాయంత్రం మా అల్లుడు నన్ను అడిగాడు. అతనిది మిరపకాయల మండీ. ముక్కుసూటిగా మాట్లాడే మనిషి.

"మామా, కాల్షియం పోసినప్పుడు, ఆ లాసిక్స్ వేసినప్పుడు, ఇలా అవుతుందని వాళ్ళకు తెలుసా?"

"అవ్వొచ్చునని తెలుసు."

"తెలిసీ పోశారా?"

"తెలిసే పోశారు."

"మరి నా చేత సంతకం పెట్టించుకున్నారే, నేను దేనికి పెట్టాను?"

ఈ ఆఖరి ప్రశ్నకు అప్పుడు నేనేమీ అనలేదు. కాగితం ఇంగ్లీషులో ఉంది. నర్సు అరవంలో చెప్పింది. అతను ఇంటికొచ్చి అత్తగారికి తెలుగులో చెప్పాడు. మూడు భాషలు దాటేసరికి మిగిలింది "బిడ్డకు మంచిదట" అన్న ఒక్క మాట. మనలాంటి వాళ్ళ ఇళ్ళలో ఇది కొత్త కాదు. అయితే మూడు భాషలూ వచ్చినవాడికి కూడా ఆ కాగితం ఇంతకన్న ఎక్కువ చెప్పేదా అన్నది నా అనుమానం.

కామర్సు చదివినవాళ్ళు పరీక్షకోసం కంఠస్థం చేసే కేసు ఒకటుంది. మొహరీ బీబీ, ధర్మోదాస్ ఘోష్ కేసు. 1895లో కలకత్తాలో ధర్మోదాస్ అనే కుర్రవాడు మైనారిటీ తీరకముందే తన ఇల్లు తాకట్టు పెట్టి 20,000 రూపాయలకు పత్రం రాశాడు. 1903లో ప్రీవీ కౌన్సిలు ఏమందంటే, మైనరు రాసిన పత్రం పత్రమే కాదు, మొదటి నుంచీ చెల్లదు అంది. మైనరుకు చట్టంలో అంత కంచె. తండ్రయినా సరే ఆ కంచె దాటలేడు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం తండ్రి బిడ్డ మేలుకోసం అవసరమైనవి చేయవచ్చు గాని, బిడ్డను సొంత పూచీలో ఇరికించకూడదు; బిడ్డ స్థిరాస్తిని కోర్టు అనుమతి లేనిదే తాకట్టు పెట్టకూడదు, అమ్మకూడదు. బ్యాంకులో మేము మైనరు పేరిట డిపాజిట్టు తీసుకుంటాం, అప్పు మాత్రం ఇవ్వం. అర ఎకరం కరిసల్ నేలకు ఇంత కాపలా ఉంది. మరి మైనరు కిడ్నీకి? ఒక్క సంతకం, అదీ రాత్రి పదకొండింటికి, వరండాలో నిలబడి.

ఇలా పోల్చగానే వైద్యుల మీద విసురు అనుకోకండి. నేను చెప్పదలచింది వేరు. ఎముకకోసం ఇచ్చిన కాల్షియం ఒకవేళ కిడ్నీలో తేలితే అది ఎవరు చేసిన అప్పు? బిడ్డ ఈరోజు బతకటానికి బిడ్డ రేపటి నుంచి తీసుకున్నది. అప్పు పుచ్చుకున్నదీ తీర్చవలసిందీ ఒకే మనిషి. సంతకం మాత్రం ఇంకొకరిది. ఇది న్యాయమేనా?

బతికుంటే బలుసాకు తినొచ్చు అని మనవాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మా వదిన కూడా అదే అంది. ఇది తోసెయ్యదగ్గ మాట కాదు. 71 రోజులు వరండాలో పడుకున్న మనిషి అన్న మాట. కాని ఈ సామెతను ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడాలి. బలుసాకు తినేవాడు తన గురించి తాను చెప్పుకుంటే ధైర్యం. ఇంకొకరు తినబోయే బలుసాకు గురించి మనం చెబితే అది అంత తేలిక కాదు.

ఈ సందిగ్ధం కాల్షియంతో మొదలు కాలేదు. ప్రాణవాయువు కథ ఇంతకన్న ఘోరం. 1940లలో పాశ్చాత్య దేశాల్లో నెల తక్కువ బిడ్డలను పెట్టెల్లో పెట్టి ధారాళంగా ఆక్సిజను ఇవ్వటం మొదలుపెట్టారు. ప్రాణవాయువు ఎక్కువైతే నష్టమేమిటి అనుకున్నారు. 1942లో బోస్టను కంటి డాక్టరు టెర్రీ ఆ బిడ్డల కళ్ళ వెనుక తెల్లటి పొర పట్టటం గమనించి రాశాడు. ఆక్సిజనే కారణం కావచ్చునని 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే డాక్టరమ్మ చూపించింది. 1953, 54లలో అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి పరీక్ష చేసి రుజువు చేశాయి. అప్పటికే సుమారు 10,000 మంది పిల్లలు గుడ్డివాళ్ళయ్యారు. పాటగాడు స్టీవీ వండర్ 1950లో అలా పుట్టినవాడే.

కథ ఇక్కడితో అయిపోతే నీతికథ అయ్యేది. కాలేదు. భయపడి ఆక్సిజనుకు కత్తెర వేశారు. గుడ్డితనం తగ్గింది. ఇరవై ఏళ్ళ తరువాత, 1973లో, ఇంగ్లండులో క్రాస్ అనే ఆయన మరణాల పట్టికలు తిరగేసి, చూపు దక్కిన ఒక్కొక్క బిడ్డకు పదహారుమంది బిడ్డలు ఊపిరాడక పోయి ఉంటారని అంచనా కట్టాడు. ఆ అంచనా ఎంత సరి అన్నదాని మీద వాదాలున్నాయి, కాని దిక్కు సరిగానే ఉంది. 2010లో అమెరికాలో పెద్ద పరీక్ష ఒకటి జరిగింది. రక్తంలో ఆక్సిజను కొంచెం తక్కువగా ఉంచిన బిడ్డల్లో కంటిజబ్బు తీవ్రంగా వచ్చినవారు 8.6 శాతం, కొంచెం ఎక్కువగా ఉంచినవారిలో 17.9. చావులు చూస్తే, తక్కువ ఇచ్చినవారిలో 19.9 శాతం, ఎక్కువ ఇచ్చినవారిలో 16.2. కన్నా, ప్రాణమా? మధ్యలో నిలబడటానికి గట్టు లేదు. ఆ పరీక్షలో చేర్చుకున్న తలిదండ్రులకు ఈ సంగతి కాగితంలో సరిగా చెప్పలేదని 2013లో అమెరికా ప్రభుత్వ శాఖే తప్పుపట్టింది. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళ గతే అది. మా అల్లుడు తనొక్కడే అనుకోనక్కరలేదు.

కన్ను అనగానే మన ప్రాంతపు మనిషి ఒకరు గుర్తుకు రావాలి. అరవింద్ కంటి ఆసుపత్రి డాక్టర్ వెంకటస్వామి 1918లో ఎట్టయపురం దగ్గర అయన్ వడమలాపురంలో పుట్టారు. మన వానకు తడిసి మన ఎండకు పగిలే అదే నల్లనేల. ఆ రోజుల్లో ఊళ్ళో డాక్టరు లేడు. చిన్నతనంలో తమ బంధువుల ఆడవాళ్ళు ముగ్గురు నెలలు నిండే వేళ జబ్బుచేసి చనిపోవటం చూసి, డాక్టరై కాన్పులు చేయాలనుకున్నారు. కీళ్ళవాతం వచ్చి వేళ్ళు వంకరపోవటంతో ఆ దారి మూసుకుపోయి కంటివైపు మళ్ళారు. 1976లో మదురైలో 11 పడకలతో పెట్టిన ఆసుపత్రి తరువాత ఏమైందో మీకు తెలుసు. 2006లో ఆయన పోయారు. కాన్పుల డాక్టరు కావాలనుకున్న మనిషి పెట్టిన సంస్థలో ఇవాళ నెల తక్కువ బిడ్డల కళ్ళు చూస్తున్నారు. మన దేశంలో 34 వారాల లోపు గాని 2 కిలోల లోపు గాని పుట్టిన బిడ్డకు నెల తిరిగేలోగా కంటి పరీక్ష చేయించాలన్నది నియమం. ఆక్సిజను ఇవ్వటం మానలేదు, ఇచ్చి చూస్తూ ఉండటం నేర్చుకున్నారు. నేను పట్టుకున్న కొస ఇదే, మళ్ళీ వస్తాను.

దానికి ముందు ఇంకొక చిక్కు. మందు మోతాదు అన్నది సగటు మనిషికి కట్టిన లెక్క. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక బ్రిటనులో పిల్లలకు ఎముకల జబ్బు రాకూడదని పాలపొడిలో, గంజిపిండిలో, కాడ్ చేపనూనెలో విటమిను డి కలిపి పంచారు. లక్షలమందికి మేలు జరిగింది. కాని 1950లలో కొందరు పసివాళ్ళు తినక, వాంతులై, రక్తంలో కాల్షియం పెరిగి, కిడ్నీలు చెడి ఆసుపత్రులకు వచ్చారు. 1957లో మోతాదు తగ్గించారు. ఆ కొందరే ఎందుకు? దానికి జవాబు 2011లో వచ్చింది. విటమిను డి పనైపోయాక దాన్ని విరగగొట్టే జన్యువు కొందరిలో పుట్టుకతోనే పనిచేయదట. అందరికీ అన్నమైనది వాళ్ళకు విషం. పంచినవాడు దుర్మార్గుడు కాదు, తిన్నవాడు పాపం చేయలేదు. ఏ బిడ్డ ఏ జాబితాలో ఉందో పుట్టినప్పుడు ముఖాన రాసి ఉండదు.

ఇంతకీ కాల్షియమే రాయి అనుకోవటం కూడా తొందరపాటే. పెద్దవాళ్ళ సంగతి చూస్తే, రాళ్ళవాళ్ళు పాలు, పెరుగు మానాలని చాలాకాలం చెప్పేవారు. 1993లో అమెరికాలో 45,000 మందికి పైగా మగవాళ్ళను గమనిస్తే, తిండిలో కాల్షియం ఎక్కువ తిన్నవాళ్ళకే రాళ్ళు తక్కువ వచ్చాయి. పేగులోనే ఆక్సలేటును పట్టేస్తుంది కాబట్టి. 2006లో 36,000 మందికి పైగా స్త్రీల మీద జరిగిన పరీక్షలో కాల్షియం, విటమిను డి బిళ్ళలు మింగినవారికి రాళ్ళు 17 శాతం ఎక్కువ. అదే సరుకు అన్నంలో వస్తే ఒకటి, బిళ్ళలో వస్తే ఒకటి. మా బ్యాంకు కొళాయి పక్కన కూచుని "సున్నాంబు వేసుకుంటే రాయి, కాబట్టి తమలపాకు మానేశాను" అనే మిత్రుడికి ఇది చెప్పి చూశాను, వినలేదు.

ఇక నా ప్రశ్నకు వస్తాను. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ వేదాంతి, ఒక పనికి రెండు ఫలితాలు ఉండవచ్చు, ఉద్దేశించినదాన్ని బట్టి ఆ పనిని తూచాలి అన్నాడు. ప్రాణం కాపాడుకోవటానికి ఎదిరించినవాడి చేతిలో దాడిచేసినవాడు చస్తే, అది ఉద్దేశించిన ఫలితం కాదు గదా అని. డాక్టరు ఉద్దేశించింది ఎముకను, కిడ్నీలో మచ్చ పక్కదారిన వచ్చింది, కాబట్టి తప్పు లేదు అనవచ్చు. నాకు ఇది చాలదు. మా వృత్తిలో మంచి ఉద్దేశంతో ఇచ్చిన అప్పు మునిగితే ఆఫీసరును ఎవరూ ఉద్దేశం గురించి అడగరు. ముందు విచారించావా, ఇచ్చాక చూశావా అని అడుగుతారు. ఉద్దేశం మనసులో ఉండేది, దానికి వోచరు ఉండదు.

మన దేశపు పాత తీర్పు ఒకటి నాకు దీనికన్న నచ్చుతుంది. 1856లో హనుమాన్ ప్రసాద్ పాండే కేసు. మైనరు కొడుకు ఆస్తిని తల్లి తాకట్టు పెట్టింది. పెద్దవాడయ్యాక కొడుకు తరఫున అది చెల్లదన్నారు. ప్రీవీ కౌన్సిలు మూడు సంగతులు చూడమంది: ఆస్తి మీద ఉన్న ఒత్తిడి, తప్పించవలసిన ప్రమాదం, కలగబోయే మేలు. ఇవి నిజంగా ఉంటే మైనరు ఆస్తి మీద భారం వేయవచ్చు. అప్పు ఇచ్చేవాడు అవసరాన్ని విచారించాలి. నిజాయితీగా విచారించి ఇస్తే, తరువాత ఆ అవసరం అబద్ధమని తేలినా అతనికి రక్షణ ఉంది. మూడు కొలతలూ మా మనవరాలి విషయంలో సరిపోతాయి. ఎముక విరిగే ప్రమాదం ఊహ కాదు. ఊపిరితిత్తుల్లో నీరు ఊహ కాదు. ఆ రాత్రి నేను ఆ డాక్టరు స్థానంలో ఉన్నా అదే చేస్తాను, మా అల్లుడి స్థానంలో ఉన్నా సంతకం పెడతాను. ఇందులో నాకు శంక లేదు.

కాని ఆ తీర్పులో ఇంకొక మాట ఉంది, అక్కడ నేను విడిపోతాను. ఇచ్చిన సొమ్మును ఎలా ఖర్చుపెట్టారో చూడవలసిన బాధ్యత అప్పిచ్చినవాడికి లేదు అన్నారు. 1856లో షావుకారుకు అది సరేనేమో. ఇవాళ బ్యాంకులో కూడా చెల్లదు. ట్రాక్టరుకని ఇచ్చిన అప్పుతో ట్రాక్టరు కొన్నాడా, పెళ్ళి చేశాడా అని మేం పొలానికి వెళ్ళి చూడాలి. కాల్షియం ఎముకకు పోయిందా, కిడ్నీకి పోయిందా అని చూడటానికి డాక్టరుకు దారులున్నాయి. మూత్రంలో ఎంత కాల్షియం దిగుతోందో కొలవవచ్చు, రక్తంలో భాస్వరం చూడవచ్చు, కడుపు మీద జెల్లు పూసి స్కాను తీయవచ్చు. సూది కూడా అక్కరలేదు. తెలిసి ఇవ్వటంలో తప్పు లేదని నేనంటాను. తెలిసి ఇచ్చి, తరువాత చూడకపోవటంలో ఉంది.

మాకు చూసే డాక్టరు దొరికింది. అందరికీ దొరుకుతుందా? 2020లో మన దేశంలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు 30 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్‌లతో కూడిన నివేదిక 2023లో చెప్పింది. ప్రపంచంలో అటువంటి ప్రతి ఐదుగురిలో ఒకరి కన్న ఎక్కువ. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయే తల్లి మూడు నెలలకొకసారి స్కానుకు పోవాలంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ. 2022లో విరుదునగరంలో మెడికల్ కాలేజి వచ్చింది, తూత్తుకుడిలో ముందే ఉంది, దూరం కొంత తగ్గింది. కూలి తగ్గలేదు. బిడ్డ ఆడుకుంటూ ఉంటే, పాలు తాగుతూ ఉంటే, జబ్బు లేని పిల్లను ఆసుపత్రికి ఎందుకు తిప్పాలని ఏ తల్లయినా అనుకుంటుంది. పెట్టెలో ఉన్న 71 రోజులకు లక్షలు పెట్టే వ్యవస్థ, తరువాతి ఏళ్ళ కాపలాకు తల్లి కూలిని లెక్కలోకి తీసుకోకపోతే, అప్పు ఇచ్చి వసూలును పసిబిడ్డ మీదికి తోసినట్టే.

మరొకటి ఉంది, ఇది ఆసుపత్రులది కాదు, మన ఇళ్ళది. బ్యాలెన్సు షీటు అడుగున మేం ఒక వరస రాస్తాం. ఇంకా అప్పు కాదు, ఇకముందు కావచ్చు, కాకనూ పోవచ్చు, అటువంటివి. గ్యారంటీలు, కోర్టు వ్యాజ్యాలు. వాటిని అప్పుల్లో కలపకూడదు, దాచనూకూడదు. కింద రాసి తీరాలి. మా మనవరాలి కిడ్నీ అటువంటి వరస. రెండో ఏడు స్కానులో చుక్కలు చాలా తగ్గాయి, కుడివైపు పోయాయి, ఎడమవైపు కాస్త మిగిలాయి. పిల్ల బాగుంది, ఇంటినిండా పరుగు. అయితే నెల తక్కువ బిడ్డల కిడ్నీలో సున్నం ఒక్కటే లెక్క కాదు. కిడ్నీలో వడపోసే గొట్టాలు 36 వారాల దాకా కడుపులో కొత్తగా ఏర్పడుతూ ఉంటాయి, తరువాత ఏర్పడవు. మనకు ఒక్కొక్క కిడ్నీలో సుమారు పది లక్షలు ఉంటాయి. ముందే పుట్టినవాళ్ళకు మూలధనం తక్కువ కావచ్చు. పెద్దయ్యాక రక్తపోటు చూపించుకుంటూ ఉండాలి, నొప్పికని వేసుకునే మాత్రల విషయంలో, కాన్పు సమయంలో డాక్టరుకు ఈ సంగతి చెప్పాలి.

చెప్పాలంటే ఆ పిల్లకు తెలియాలి. మా వదిన వద్దంటుంది. "పెళ్ళి కావలసిన పిల్ల మరిదీ, నెల తక్కువ బిడ్డని, కిడ్నీలో ఏదో ఉండిందని ఊరికి తెలిస్తే ఎవరు చేసుకుంటారు? పోయిందంటున్నారుగా, ఆ కాగితాలు వైపారులో వదిలెయ్యండి." మూడేళ్ళ పిల్ల పెళ్ళి గురించి దిగులుపడటం చూసి నవ్వొచ్చింది గాని, ఆమె చెప్పేది అబద్ధం కాదు. మన ఊళ్ళలో సంబంధాలు ఎలా చెడతాయో నాకూ తెలుసు. చిన్న సమాజం మనది, అందరికీ అందరూ తెలుసు, పత్తి మండీలో అన్న మాట పొద్దుగూకేలోగా కోవిల్‌పట్టి చేరుతుంది. నేను ఆమెతో వాదించలేదు. ఊరికి చెప్పటం వేరు, పిల్లకు చెప్పటం వేరు అని మాత్రం అన్నాను.

బ్యాంకులో మైనరు ఖాతా ఉంటే, పద్దెనిమిది నిండిన రోజు తండ్రి సంతకం చెల్లదు. పిల్లను పిలిపించి కొత్త సంతకం తీసుకోవాలి, ఖాతాలో నిలవ ఎంతో చూపించి ఒప్పించుకోవాలి. తండ్రి వచ్చి నాకు తెలుసు లెండి అన్నా కుదరదు. ఇరవై రూపాయల నిలవ ఉన్నా అంతే. సంతకం తండ్రి పెట్టాడు, మంచికే పెట్టాడు. పెట్టినవాడు ఆ పద్దును హక్కుదారుకు అప్పజెప్పాలి గదా. అప్పుడు ఆ పిల్ల, నన్ను అడగకుండా ఎందుకు చేశారు అని అడగవచ్చు. అడిగే నోరు ఉండటానికే చేశాం అని మా అల్లుడు చెప్పవచ్చు. అది ఆమెకు చాలుతుందో లేదో ఆమె చెప్పాలి, మనం కాదు.

అల్లుడు ఇప్పుడు ఒక మాట మీదికి వచ్చాడు. డిశ్చార్జి కాగితం, అన్ని స్కానులు, ఏ మందు ఎన్ని రోజులు ఇచ్చారన్న పట్టిక, ఒక ఫైలులో పెట్టించాడు. అట్ట మీద పిల్ల పేరు తెలుగులో నా చేత రాయించాడు, కింద అరవంలో తను రాశాడు. ఫైలు వదిన బీరువాలో ఉంది, నకలు నా దగ్గర. పిల్లకు పద్దెనిమిది నిండేది 2040లో. డాక్టరమ్మ ఇచ్చిన తరువాతి స్కాను తారీఖు మాత్రం వచ్చే చిత్తిరై నెలలో. ఆ నెలంతా మిరపకాయల రద్దీ, కాబట్టి బస్సులో నేను తీసుకుపోతానని చెప్పాను.